సామిని కాపలా పెట్టిన సారు

మీలో రక్తపోటు ఉన్నవాళ్ళూ, మ్యూజియంలలో ఉద్యోగం చేసేవాళ్ళూ ఈ కథను కాస్త నెమ్మదిగా చదవండి. ఎందుకంటే కాసేపట్లో ఒక గొప్ప దైవచిత్రం, ఒక నల్ల మేకపోతు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న నేను ఒకే గదిలో ఉండబోతున్నాం. ముగ్గురిలో బుద్ధి తక్కువవాడెవరో మీరే తేల్చండి. మేక మీదకు నెట్టేయకండి, పాపం దానికి ఏ శిక్షణా లేదు.

నాకు హైదరాబాద్‌లో శిక్షణ ఇచ్చారు. కొత్తగూడెం ఇంకా ఖమ్మం జిల్లాలోనే ఉన్న రోజులవి. సెల్‌ఫోన్ ఉన్నవాడు సిగ్నల్ కోసం మేడెక్కి చెయ్యి పైకెత్తి నిలబడేవాడు. ములకలపల్లి అడవి అంచున పాత గెస్ట్‌హౌస్ ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని మ్యూజియం చేసి, కాంట్రాక్టు మీద నన్ను దానికి అధిపతిని చేశారు. మొదటి గదిలో విల్లంబులు, డోళ్ళు. రెండో గదిలో వెనకటి మనుషుల రాతి గొడ్డళ్ళు. జనం వాటిని చూసి "ఇసొంటియి మా చేన్ల బొచ్చెడున్నయ్" అని బయటికి పోయేవారు. మూడో గది ఖాళీ. మొత్తం మీద అధిపతి అనే మాటకు తగిన సామ్రాజ్యం కాదు గానీ, నేను మాత్రం రోజూ టై కట్టుకునేవాణ్ని. ఆ మండలంలో టై కట్టుకునేది కాన్వెంటు పిల్లలూ, నేనూ.

ఆ వానాకాలం మూడో గదికి యోగం పట్టింది. జిల్లాల్లో జనానికి కూడా గొప్ప కళ చూపించాలని పైవాళ్ళు అనుకుని, ఒక చిత్రాన్ని ఊరూరా కొన్నాళ్ళు ఉంచి పంపుతున్నారు. అది ఒక పెద్ద చెక్కపెట్టెలో మా దగ్గరికి వచ్చింది. బరోక్ కాలంలో, అంటే ఓ నాలుగొందల ఏళ్ళ కిందట, ఇటలీలో వెలిగిన ఒక మహా చిత్రకారుడి చిత్రం. ఆయన పేరు ఇక్కడ రాయను. అప్పట్లో దాన్ని పూటకో రకంగా పలికి కట్టుకున్న పాపం చాలు. అసలు చిత్రం అక్కడే ఏదో చర్చిలో ఉందట. మాకు వచ్చింది వందేళ్ళ కిందట ఇంకో చిత్రకారుడు దాని ఎదుటే కూర్చుని నూనె రంగులతో దించిన నకలు. నకలే అయినా దాని దర్జా దానిదే. మీద అద్దం లేదు. ముందు ఒక ఎర్ర తాడు కట్టుకోవాలి, అంతే.

బొమ్మలో ముప్పాతిక భాగం చీకటి. ఎడమ పక్క ఎక్కడినుంచో ఒక వెలుగు దిగి, ఒక ముసలి సాధువు బట్టతల మీద పడుతుంది. ఆయన మనకు వీపు తిప్పి మోకాళ్ళ మీద కూర్చుని పైకి చూస్తుంటాడు. అందుకని మనకు అన్నిటికన్నా ముందు ఆయన పాదాలు కనిపిస్తాయి. పగిలిన మడమలు, ఆ పగుళ్ళలో మట్టి. నాకైతే అవి నచ్చలేదు. అంత గొప్ప చిత్రకారుడు దేవుడి మనిషికి కాళ్ళు కడిగించలేకపోయాడా అనుకున్నాను. వచ్చిన జనం మాత్రం నేరుగా ఆ పాదాల దగ్గరే ఆగేవారు. ఒకాయన తన మడమ పైకెత్తి పక్కన పెట్టి పోల్చుకున్నాడు. "ఈ సామి కూడ మన లెక్కనే చెప్పుల్లేకుంట తిరిగిండు" అన్నది ఒకామె. అని ఊరుకుంటే బాగుండును. నిజమైన మట్టేనా అని వేలు పెట్టి చూడబోయింది.

వేళ్ళు అంటే నాకు హడలు పుట్టింది. ఎందుకంటే ప్రదర్శన ముగిశాక హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వస్తుంది. చిత్రాలు చెడిపోకుండా చూడటం ఆమె పని. ఆమె బొమ్మని అంగుళం అంగుళం పరిశీలించి, అంతా బాగుందంటే నా ఉద్యోగం పర్మనెంటు. మరక కనిపిస్తే నేను మధిర బస్సెక్కి ఇంటికి.

"ముట్టరాదు" అని బోర్డు పెట్టాను. దాన్ని ముట్టుకుని చూశారు. తాడు ఎత్తుగా కట్టాను. కింద నుంచి దూరారు. ఒకరోజు బడిపిల్లలు గుంపుగా వచ్చారు. అందరి చేతుల్లోనూ మిరపకాయ బజ్జీలు. ఆ నూనె వేళ్ళు గాలిలో చూసేసరికి నా శిక్షణంతా ఎగిరిపోయింది. చిన్నప్పుడు మా నానమ్మ నన్ను బెదిరించిన పద్ధతి నోట్లోకి వచ్చేసింది.

"ఈ సామిని ముట్టుకుంటే కోపమొస్తది. ముట్టినోళ్ళకు జరం తెప్పిస్తడు" అన్నాను.

పిల్లలు ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పాఠాలకు లొంగనివాళ్ళు జ్వరానికి లొంగారు. అయితే ముందు వరసలో ఉన్న ఆరేళ్ళ పిల్ల ఒకతి, నాగమణి అని పేరు, తన చూపుడువేలి వంక అదేపనిగా చూసుకుంటూ నిలబడింది. నేను నోరు తెరవకముందే ఆ వేలు మడమను తాకి వచ్చిందన్న సంగతి నాకు తట్టలేదు. విజయగర్వంలో ఉన్నవాడికి ఎదుటి పిల్ల మొహం ఎక్కడ కనిపిస్తుంది?

ఆ మర్నాటి నుంచి మ్యూజియం మారిపోయింది. జనం చెప్పులు గుమ్మం బయటే విప్పుతున్నారు. తాడుకు ఇవతల చేతులు కట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. తాడు కింద ఒక కొబ్బరికాయ, గుప్పెడు బంతిపూలు కనిపించాయి. అది భక్తి అని నాకు తెలుసు. దాన్ని క్రమశిక్షణ అని హైదరాబాద్‌కు చెప్పుకున్నాను.

వాచ్‌మన్ యాకూబ్‌కు ఇది నచ్చలేదు. ఆయన ఆ గెస్ట్‌హౌస్‌లో నా కన్నా ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఉన్నవాడు. "సారు, జీతం లేకుంట సామిని కాపలా పెట్టుకున్నవు. ఎప్పుడో ఒకనాడు జీతం అడుగుతడు" అన్నాడు. నేను నవ్వి, టై సర్దుకున్నాను.

మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఫోను చేసి, కొత్తగూడెంలో బయల్దేరుతున్నాను, దారి బురదగా ఉంటే కాస్త అటూ ఇటూ అవుతుందని చెప్పింది. నేను నేల కడిగించాను, పూలు తీయించాను, కొబ్బరికాయ యాకూబ్‌కు ఇచ్చాను. బొమ్మను అంగుళం అంగుళం నేనే ముందు చూసుకున్నాను. మచ్చ లేదు. సాధువు మడమలు ఎంత మురికిగా రావాలో అంత మురికిగా ఉన్నాయి.

అప్పుడు బయట ఒక ఆటో ఆగింది. దిగింది మేడమ్ కాదు. ఒక పెద్దామె, ఆమె చేతిలో తాడు, తాడుకు రెండో కొసన నల్ల మేకపోతు.

"సారూ, నేను జోగమ్మను. నాగమణి నా మనుమరాలు" అంది. "అది నీ సామిని ముట్టిందట. జరమొచ్చింది."

ఆటోలోకి తొంగి చూశాను. తల్లి ఒడిలో నాగమణి అడ్డంగా పడుకుని ఉంది. కళ్ళు సగం మూసుకున్నాయి. పెదవులు ఎండి తెల్లగా పగిలాయి. నుదుటి మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పెనంలా ఉంది. ఆ అడవి పల్లెల్లో వానాకాలం జ్వరం ఎంత తొందరగా మనిషిని ముంచేస్తుందో అక్కడ ఉద్యోగం చేసేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. బొమ్మను ముట్టుకున్నా వస్తుంది, ముట్టుకోకపోయినా వస్తుంది. అయితే ఈ పిల్లకు వస్తుందని ముందే చెప్పినవాణ్ని నేను. భయమేసింది. నిజంగా భయమేసింది.

వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మన్నాను. మేకల వల్ల, పూజల వల్ల జ్వరాలు తగ్గవనీ, దోమల వల్ల వస్తాయనీ, రక్త పరీక్ష చేయించాలనీ గుమ్మంలో నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాను. చాలా మంచి ఉపన్యాసం. జోగమ్మ నా మాటలు అయ్యేదాకా ఓపికగా విన్నది.

"ఆటో గందుకే మాట్లాడుకొచ్చినం సారు. కొత్తగూడెం దవాఖానకే పోతున్నం. నువ్వు జరుగు, జల్దీ సామితోని ఒక మాట అనుకోని పోతం."

అంటే దవాఖాన సంగతి ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదన్నమాట. అడ్డంగా నిలబడి ఆలస్యం చేస్తున్నది నేను. మరైతే ముందు ఇక్కడికెందుకు అని అడిగాను. పొద్దున్నుంచి మాత్ర నోట్లో వేస్తే పిల్ల ఉమ్మేస్తోందట. సామికి కోపం పోకముందే మందు మింగితే ఇంకా కోపం వస్తుందని ఏడుస్తోందట. దవాఖానలో సూది వేస్తారంటే ఆటోలో నుంచి దూకబోయిందట. పిల్ల మందు మింగాలంటే ముందు సామి ఒప్పుకోవాలి. సామి కాళ్ళకు కాస్త పసుపు పెట్టి, మేకను చూపించి పోతామంది.

పసుపు. ఆ బొమ్మకు. మేడమ్ దారిలో ఉండగా.

"అమ్మా, ఆ సామికి కోపం రాదు. నేనే పిల్లలను బెదిరించనీకి అబద్ధం చెప్పిన" అన్నాను.

జోగమ్మ నన్ను పై నుంచి కింది దాకా, టై దగ్గర కొంచెం ఆగి, చూసింది. "సదువుకున్నోనివి. పసిపిల్లలకు గంత అబద్ధం చెప్తవా? చెప్పవు. ఇప్పుడు చెప్పేదే అబద్ధం, బొమ్మ ఖరాబైతదని."

చూశారా, నా అబద్ధాన్ని నమ్మి, నా నిజాన్ని కొట్టిపారేసింది. అలా ఆలోచిస్తే ఆ రోజు నాకు అంత గౌరవం ఇచ్చిన మనిషి ఇంకొకరు లేరు.

నేను నేరుగా నాగమణికే చెబుదామని ఆటో దగ్గరికి పరుగెత్తాను. సామికి కోపం లేదు తల్లీ అన్నాను. ఆ పిల్ల ఎండిన పెదవులతో, "నీకెట్ల ఎర్క? ఆయన అటు తిరిగి కూసుండె" అంది. సాధువు మనకు వీపు తిప్పి కూర్చోవడానికి కారణం ఆ పిల్ల దృష్టిలో అలక. బరోక్ కళ గురించి నాకు నేర్పినవాళ్ళెవరూ ఈ ప్రశ్నకు జవాబు నేర్పలేదు.

సరిగ్గా అక్కడ, మీకు నేను మొదట మాట ఇచ్చిన ఘోరానికి శ్రీకారం చుట్టాను. నాకొక ఉపాయం తట్టింది. మా మధిర వైపు ముత్యాలమ్మ జాతరలో చిన్నప్పుడు చూసిందే. మొక్కిన మేక మీద పసుపు నీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు జాడించి దులుపుకుంటే తల్లి ఒప్పుకున్నట్టు. దులుపుకోకపోతే చేతులు జోడించి అలాగే నిలబడాలి. ఇంకేం, బొమ్మను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. మేకను గుమ్మం దగ్గరే నిలబెట్టి నాలుగు చుక్కలు పోద్దాం, అది దులుపుకుంటుంది, పిల్ల చూస్తుంది, మాత్ర మింగుతుంది, ఆటో వెళ్ళిపోతుంది. నా అంత తెలివైనవాడు ఖమ్మం జిల్లాలో లేడనిపించింది.

జోగమ్మ ఒప్పుకుంది. నెత్తురు మాత్రం ఇక్కడ చిందించనని, అది పిల్లకు నయమయ్యాక తమ ఇంటి దగ్గర చూసుకుంటామని తానే చెప్పింది. తల్లి నాగమణిని ఎత్తుకుని లోపలికి తెచ్చింది. యాకూబ్ చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఇంకోసారి సోంచాయించు సారు" అన్నాడు. నేను సోంచాయించలేదు.

జోగమ్మ కొంగున కట్టి తెచ్చుకున్న పసుపు నీళ్ళలో కలిపి మేక వీపు మీద చల్లింది. మేక నిలబడింది. ఇంకొంచెం చల్లింది. మేక గోడ మీది బోర్డు వైపు చూస్తూ నెమరు వేసింది. నాగమణి తల్లి భుజం మీద తలవాల్చి కళ్ళార్పకుండా మేకనే చూస్తోంది. ఆ పిల్ల ఊపిరి చప్పుడు నాకు వినిపిస్తోంది. చెంబు సగమైంది. మేక వీపు మీది నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి గానీ, దాని ఒంట్లో ఒక్క వెంట్రుక కదలలేదు.

"ఒప్పుకుంటలేడు" అంది నాగమణి, ఏడుపు గొంతుతో.

ఇటు గడియారం, అటు పిల్ల. మేడమ్ వస్తే నా పని అయిపోతుంది. మేక ఇలాగే నిలబడితే పిల్ల పని ఏమవుతుందో ఊహించడానికి కూడా ధైర్యం చాలలేదు. జోగమ్మ మొహంలో కూడా అప్పుడే మొదటిసారి దిగులు కనబడింది.

"సామికి మేక కనపడ్తలేదు. దూరమున్నది" అంది పిల్ల.

పిల్ల చెప్పిందే సబబనిపించింది. ఎర్ర తాడు కొక్కెం నా చేతులతోనే విప్పాను. అవునండీ, ఎవరినీ దాటనివ్వని తాడు. మేకను లాక్కుంటూ సాధువు పాదాల దగ్గరికి తెచ్చాను. అది మొరాయించింది. వెనక నుంచి నెట్టాను. నెడుతూ ఉండగా దాని మూతికి నా టై కొస అందింది, నమలడం మొదలుపెట్టింది. నేను ఒక చేత్తో టై లాక్కుంటూ, రెండో చేత్తో చెంబులో మిగిలిన నీళ్ళన్నీ దాని నెత్తిన గుమ్మరించాను. అయినా కదల్లేదు. బయట జీపు ఆగిన చప్పుడైంది. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. అరచేతిలో మిగిలిన తడిని మేక చెవిలో పిండాను.

మేక నా టై వదిలేసింది. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలబడింది. తర్వాత కొమ్ముల దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒళ్ళు దులుపుకుంది. అలాంటి దులుపుడు నేను ఏ జాతరలోనూ చూడలేదు. చెంబెడు పసుపు నీళ్ళు గది నాలుగు గోడలకూ సమానంగా పంచింది. నా కళ్ళలో పడ్డాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి గుమ్మంలో తెల్ల చీరలో ఒకావిడ నిలబడి ఉంది. ఆ చీర మీద పసుపు చుక్కలు ముగ్గు పెట్టినట్టు ఉన్నాయి.

నేను మెల్లగా బొమ్మ వైపు తిరిగాను. బట్టతల మీద పసుపు. చీకటి మీద పసుపు. పాదాల మీద ధారగా పసుపు. నా పర్మనెంటు ఉద్యోగం సాధువు మడమల మీదుగా కిందికి కారుతోంది.

వెనక నుంచి ఒక చిన్న కిచకిచ వినిపించింది. నాగమణి నవ్వుతోంది. నా మొహం, నా టై, నన్ను చూసి నవ్వుతోంది. "ఒప్పుకున్నడు" అంది. తల్లి మాత్ర నోటికి అందిస్తే గుటుక్కున మింగింది.

జోగమ్మ సాధువుకు దండం పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు పెట్టనియ్యకపోతివి. చూడు, సామి ఆయనే పూసుకున్నడు."

మేడమ్ బొమ్మను చూసింది, మేకను చూసింది. నన్ను మాత్రం చూడలేదు. పిల్ల దగ్గరికి నడిచి నుదురు ముట్టుకుంది. తన జీపులో ఎక్కించుకుని వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మని డ్రైవర్‌తో చెప్పింది. వాళ్ళు వెళ్ళిపోయాక నాతో ఒక్కటే మాట అంది. "మీరు దయచేసి దేన్నీ తుడవకండి." నేను అప్పటికే జేబురుమాలు తీసి సాధువు బట్టతలకు దగ్గరగా పెట్టాను లెండి. ఆమె ఆ సాయంత్రం దాకా దూది పుల్లలతో ఆ బొమ్మ ముందు కూర్చుంది. నేను బయట మేకతో కూర్చున్నాను. జీపులో దానికి చోటు లేక మాకే వదిలి వెళ్ళారు.

నాగమణి కోలుకుని వచ్చింది. మొక్కు తీర్చుకునే రోజు జోగమ్మ నాకు కబురు పెట్టింది. మోదుగాకు విస్తరిలో నా ముందు పెట్టిన కూర ఎవరిదో నేను గుర్తుపట్టాను. పైఅధికారులకు కావలసిన ఏకైక సాక్షిని రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. నాగమణి నా పక్కనే కూర్చుని, నేను మేక చెవిలో నీళ్ళు పిండిన వైనం వచ్చినవాళ్ళందరికీ అభినయించి చూపించింది.

హైదరాబాద్ నుంచి సంజాయిషీ అడిగారు. చిత్రం వద్ద మేకను ఉంచవలసిన అవసరం ఏమని ఒక ప్రశ్న. నాకు తోచిన జవాబు రాశాను. దాని తర్వాత నా కాంట్రాక్టు పొడిగించే తెలివితక్కువ పని ఎవరూ చేయలేదు. మధిర బస్సెక్కాను. తర్వాత బీఈడీ చేసి ఇల్లందులో సోషల్ మాస్టరునయ్యాను. అక్కడ మేకలు స్టాఫ్‌రూమ్‌లోకి రావు. వచ్చినా నేను వాటి చెవుల జోలికి పోను.

చాలా ఏళ్ళ తర్వాత పిల్లలను విహారయాత్రకు హైదరాబాద్ తీసుకెళ్ళాను. ఒక మ్యూజియంలో గైడు వెనక నడుస్తూ ఒక గదిలోకి అడుగుపెట్టాను. ఎదురుగా ముసలి సాధువు, అలాగే అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. బట్టతల శుభ్రంగా ఉంది. చీకటి చీకటిగానే ఉంది. మేడమ్ చేతికి దండం పెట్టాలి. కానీ ఎడమ మడమ పగుళ్ళలో ఒకచోట, గోరంత పసుపు, దూది పుల్లలకు అందకుండా మిగిలిపోయింది.

గైడు దాన్నే చూపిస్తున్నాడు. "ఈ బంగారు రంగు చూడండి. అసలు చిత్రంలో ఇది లేదు. నకలు దించిన చిత్రకారుడు తన భక్తికి గుర్తుగా ఇక్కడ మాత్రం ఒక దైవకాంతిని ఉంచాడు. దాన్ని ఏ రంగుతో సాధించాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు."

మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ముందుకు వంగి చూసింది. "సార్, గిది పసుపు లెక్క ఉంది" అంది నాతో.

"గైడు గారు చెప్పిందే రాసుకో" అన్నాను.

ఆ పిల్ల వేలు పైకి లేచింది. నా నోట్లో ఒక వాక్యం అంతకంటే వేగంగా పైకి లేచింది. సామికి కోపమొస్తది అనే వాక్యం. నాలుక కరుచుకుని, ఆ వేలు పట్టుకుని పక్క గదికి నడిపించుకుపోయాను. వెళుతూ వెళుతూ సాధువు పసుపు మడమ సాక్షిగా ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఏ దేవుణ్నీ, ఎంత చిన్న దేవుణ్నయినా, జీతం లేని కాపలాకు పెట్టుకోను. ఒకవేళ పెట్టుకున్నా, ఆయన జీతం అడగడానికి వచ్చినప్పుడు టై కట్టుకుని మాత్రం ఎదురుపోను.